ప్రళయ కథలు, బనగానపల్లె బూడిద

కర్నూలు, కడప ప్రాంతములలో పెరిగినవారు ఒక మాటను చిన్ననాటనే వినియుందురు. వానలు తప్పినను, వింత రోగము ప్రబలినను, నది పొంగి ఊరిని ముంచినను ఇంటిలోని పెద్దలు "అన్నీ బ్రహ్మంగారు చెప్పినట్లే జరుగుచున్నవి" అందురు. 2020లో కరోనా వ్యాధి వ్యాపించినప్పుడు కూడ ఈ మాట పల్లెలలోను, పట్టణములలోను, చేతి ఫోనులలోను విరివిగా వినవచ్చినది. తరగతిలో విద్యార్థి లేచి "ఇది నిజమేనా, అయ్యా?" అని అడిగినచో ఉపాధ్యాయుడేమి చెప్పవలెను? నవ్వి త్రోసివేయుట సులభము. అవునని తల ఊపుట ఇంకను సులభము. ఈ రెండును కాక మూడవ మార్గ మొకటి కలదు. లోకము నాశనమగునను తలంపు మనుష్యుల మనస్సులో ఏయే రూపములు ధరించినదో, అందులో ఏది విశ్వాసమో, ఏది కథయో, ఏది పరీక్షకు నిలుచు శాస్త్రమో విడదీసి చూపుట ఆ మార్గము. అందుకు దూరదేశములు వెదుక నక్కరలేదు. బనగానపల్లె చుట్టుప్రక్కల కొద్ది మైళ్ళ నేలలోనే ఈ మూడింటికిని ఆనవాళ్ళు దొరకుచున్నవి.

గుహలో దొరకిన ఆకులు

బనగానపల్లె ఒకప్పుడు నవాబుల సంస్థానము. 1948లో మద్రాసు రాష్ట్రములో కలిసి కర్నూలు జిల్లాలోనిదైనది. 2022 నుండి నంద్యాల జిల్లాలో నున్నది. దానికి చేరువలో రవ్వలకొండ యున్నది. పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామివారు గరిమిరెడ్డి అచ్చమ్మగారి ఇంట పశువులు కాచుచు, ఆ కొండ గుహలో కూర్చుండి తాటియాకులపై కాలజ్ఞానము వ్రాసినారని ఐతిహ్యము. వ్రాసిన పత్రములను అచ్చమ్మగారి ఇంట పాతిపెట్టగా పైని చింతచెట్టు మొలచినదనియు చెప్పుకొందురు. పిదప వారు కడప జిల్లాలోని కందిమల్లాయపల్లె చేరి, అక్కడనే జీవసమాధి నొందినారు. నేడు ఆ ఊరు బ్రహ్మంగారి మఠముగా ప్రసిద్ధి చెందినది. దూదేకుల కులమున పుట్టిన సిద్దయ్యను శిష్యునిగా స్వీకరించిన ఆ మహనీయుని బోధలో కులభేదములపై ఖండన యున్నది, కపట గురువులపై విమర్శ యున్నది. ఆయన కాలము పదునేడవ శతాబ్దమని సాధారణముగా చెప్పుదురు.

కాలజ్ఞానము నోటినుండి నోటికి పాడుకొనుచు వచ్చినది. తాటియాకు ప్రతులు పలు చోట్ల పలు విధములుగా నున్నవి. అచ్చుప్రతులు చాల తరువాతివి. అందుచే ఒక సంగతి జరుగక మునుపే దానిని గురించి ఆ పాఠములో నుండెనా, జరిగిన పిమ్మట వచ్చి చేరినదా అని నిర్ణయించుట కష్టము. భక్తులకు ఈ ప్రశ్న అక్కరలేదు. చరిత్ర విద్యార్థికి మాత్రము ఇదియే మొదటి ప్రశ్న.

ఇప్పుడొక విచిత్రమైన పోలికను చూడుడు. 1826లో ఇంగ్లండులో మేరీ షెల్లీ అను రచయిత్రి 'ది లాస్ట్ మేన్' అను నవలను ప్రకటించినది. 'చివరి మనిషి' అని దాని యర్థము. ఇరువది యొకటవ శతాబ్దపు చివరి భాగములో ఒక మహమ్మారి పుట్టి దేశము తరువాత దేశమును కబళించును. 2100వ సంవత్సరము వచ్చునప్పటికి లయొనెల్ వెర్నీ అను ఒక్క మనుష్యుడు మాత్రము మిగులును. ఈ కథ తన చేతికి ఎట్లు వచ్చినదో రచయిత్రి పీఠికలో చెప్పినది. 1818లో నేపుల్సు నగర సమీపమున ప్రాచీన భవిష్యవాణి సిబిల్ నివసించిన గుహలోనికి పోగా అక్కడ ఆకులమీద, చెట్టు బెరడులమీద వ్రాసిన వ్రాతలు దొరకినవట! వానిని ఏరి కూర్చి ఈ కథను తయారుచేసితినని ఆమె చెప్పుకొన్నది.

గుహ, ఆకులు, రానున్న కాలపు వినాశము: రవ్వలకొండకు, నేపుల్సుకు ఇంత పోలిక! ఒకరి సంగతి ఇంకొకరికి తెలిసే వీలు లేదు. భవిష్యత్తును గూర్చిన మాట ఎక్కడనో చీకటిలో దాగియుండి, అర్హుల చేతికి దొరకునను భావము పలు దేశములలో స్వతంత్రముగా పుట్టినదని మాత్రమే దీనివలన మనకు తెలియుచున్నది. కాని పోలికకంటె భేదము ముఖ్యము. కాలజ్ఞానమును వినువారు అది జరిగి తీరునని విందురు. మేరీ షెల్లీ గుహ కల్పన. అది కల్పన యని రచయిత్రికి తెలియును, చదువరికిని తెలియును. "ఇట్లు జరుగును" అనుట ప్రవచనము. "ఇట్లు జరిగినచో మనమేమి చేయుదుము?" అని అడుగుట కథ. ఈ 'ఇట్లు జరిగినచో' అను చిన్న మాటలోనే వైజ్ఞానిక కల్పన పుట్టినది.

వేసవి రాని సంవత్సరము

ప్రళయము అను ఊహ మనకు క్రొత్త కాదు. మత్స్యావతార కథలో జలప్రళయము కలదు. యుగాంతమున పండ్రెండుగురు సూర్యులు ఒక్కసారి ఉదయింతురని పురాణములు చెప్పుచున్నవి. బైబిలులో నోవా కథ కలదు. ఈ కథలలో నాశనము దైవసంకల్పము, దాని వెనుక మరల సృష్టి యుండును. దైవమును ప్రక్కనుంచి, మానవజాతి యంతయు ఒక్కనాటికి లేకుండ పోవునను ఊహను నవలగా వ్రాయుట పందొమ్మిదవ శతాబ్దపు ఆరంభమున మొదలైనది. 1805లో ఫ్రాన్సులో కూజెన్ ద గ్రాన్విల్ వ్రాసిన 'చివరి మనిషి' అచ్చయినది. అందులో భూమి సారము కోల్పోయి పంట లియ్యక మానును. ఈ పుస్తకము ఇంకను సగము మతగ్రంథము వంటిదే. అయినను దారి తీసినది అదియే.

తరువాతి అడుగునకు కారణము ఒక అగ్నిపర్వతము. 1815 ఏప్రిలులో, నేటి ఇండొనీషియాలోని సుంబావా దీవిలో తంబోరా పర్వతము బ్రద్దలైనది. వ్రాతలో నమోదైన చరిత్రలో అంతకంటె పెద్ద విస్ఫోటనము లేదు. గంధక వాయువులు స్ట్రాటోస్ఫియరు వరకు లేచి, సన్నని గంధకామ్ల బిందువులుగా మారి భూగోళమంతట వ్యాపించినవి. అవి సూర్యకాంతిలో కొంత భాగమును వెనుకకు త్రిప్పి పంపివేసినవి. ఫలితముగా 1816లో ఐరోపాలోను, ఈశాన్య అమెరికాలోను వేసవి రానే లేదు. పైరులు చెడినవి, ధాన్యము వెలలు పెరిగినవి. సూర్యునిపై మచ్చలు కంటికే కనిపించుచుండగా, ఆ జూలై 18వ తేదీన సూర్యు డారిపోవునని ఇటలీలోని బొలోన్యాలో ఒక జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు చెప్పినట్లు పుకారు లేచి జనులు భయపడిరి.

ఆ చలి వేసవిలో జెనీవా సరస్సు ఒడ్డున ఇంగ్లీషు కవులు బైరన్, షెల్లీ, వారితో మేరీయు కూడి యుండిరి. బయటికి పోవ వీలులేక కథలు చెప్పుకొనిరి. బైరన్ అక్కడనే 'డార్క్‌నెస్' అను కవితను వ్రాసినాడు. సూర్యుడారిపోయిన భూమి దాని వస్తువు. మేరీ షెల్లీ తన 'ఫ్రాంకెన్‌స్టైన్'ను అక్కడనే ఆరంభించినది. వేసవి ఎందుకు రాలేదో వారిలో ఎవరికిని తెలియదు! కారణము పదివేల కిలోమీటర్లకు పైగా దూరమున నున్న కొండ యని లోకమునకు తెలియుటకు చాల కాలము పట్టినది. కవి ఫలితమును అనుభవించి వ్రాసినాడు, శాస్త్రజ్ఞుడు కారణమును తరువాత కనుగొన్నాడు.

1817లో వంగదేశమున కలరా చెలరేగి, కొన్ని యేండ్లలో ఆసియా ఖండమున చాల దూరము వ్యాపించినది. మేరీ షెల్లీ నవలలోని మహమ్మారియు తూర్పు దిక్కునుండియే ఇంగ్లండునకు వచ్చును. ఆ నవలను నాటి విమర్శకులు మెచ్చలేదు. బహుకాలము మరుగున పడి, 1965లో మరల అచ్చయినది. నేడు ప్రళయ నవలలకు తల్లి వంటిదిగా దానిని పేర్కొనుచున్నారు.

కథలోనికి శాస్త్రము వచ్చిన విధము

మేరీ షెల్లీ మహమ్మారికి కారణము చెప్పలేదు. తరువాతి రచయితలు కారణము చెప్ప మొదలిడిరి. ఇదియే పెద్ద మార్పు.

1839లో అమెరికా రచయిత ఎడ్గర్ అలన్ పో ఒక చిన్న కథ వ్రాసినాడు. తోకచుక్క యొకటి భూమిని కప్పి, గాలిలోని నత్రజనిని తొలగించివేయును. ఆమ్లజని మాత్రము మిగిలిన గాలిలో సమస్తమును ఒక్కసారి మండిపోవును. గాలిలో నాలుగింట మూడు వంతులకు పైగా నత్రజని యున్నదనియు, ఆమ్లజని దహనమునకు తోడ్పడుననియు తెలిసిన విద్యార్థికి ఈ కథలోని రసాయన సూత్రము వెంటనే పట్టుబడును.

ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు కమీల్ ఫ్లమారియన్ 1894లో 'లోకాంతము' అను అర్థము వచ్చు పేరుతో నవలను ప్రకటించినాడు. మొదటి భాగములో ఇరువది యైదవ శతాబ్దమున ఒక తోకచుక్క భూమివైపు వచ్చును. శాస్త్రజ్ఞులు సభ చేరి లోకము ఎన్ని విధములుగా నశించుటకు వీలున్నదో వాదింతురు. తోకచుక్క కొంత నష్టము చేసి పోవును, లోకము మిగులును. అసలు అంతము కోటి సంవత్సరముల తరువాత వచ్చును. అది నిప్పుచే కాదు, నీరు లేకపోవుటచే! సముద్రములు ఇంకి, గాలిలో ఆవిరి తగ్గి, భూమి ఎండి చల్లబడును. చెరువు అడుగు నెఱ్ఱెలు విచ్చిన దృశ్యమును ఏటేట చూచు మన సీమ చదువరికి ఈ ముగింపు పరాయిదిగా తోచదు.

1897లో ఎచ్. జి. వెల్సు వ్రాసిన 'ది స్టార్' అను కథ ఉపాధ్యాయులు ముఖ్యముగా చదువదగినది. అంతరిక్షమునుండి వచ్చిన గోళ మొకటి నెప్ట్యూను గ్రహమును ఢీకొని, రెండును కలిసి మండుచు సూర్యునివైపు సాగును. ఒక గణిత శాస్త్రజ్ఞుడు రాత్రులు మేల్కొని ఆ గోళపు మార్గమును లెక్కకట్టి, తెల్లవారిన తరువాత తరగతి గదిలో విద్యార్థుల యెదుట ఫలితమును చెప్పును. ఇక్కడ జోస్యము లేదు, గురుత్వాకర్షణ సూత్రము కలదు. గోళము చేరువకు రాగా సముద్రములు పోటెత్తును, భూమి కంపించును, మంచు కరగి నదులు పొంగును. మన దేశపు మైదానములు నీట మునుగు దృశ్యమును కూడ వెల్సు వర్ణించినాడు. చివరకు గోళము ప్రక్కగా తప్పుకొని పోవును. కథ ముగింపులో అంగారక గ్రహముపైని శాస్త్రజ్ఞులు దూరదర్శినులతో ఇదంతయు చూచి, భూమికి పెద్ద నష్టమేమియు కలుగలేదే యని ఆశ్చర్యపడుదురు. మనకు ప్రళయమైనది దూరమునుండి చూచువారికి లెక్కలోనికి రాదు. ఈ మాటను మనసున నుంచుకొనవలెను, క్రింద మరల పనికివచ్చును.

1883 ఆగస్టులో క్రకటోవా అగ్నిపర్వతము పేలినది. ఆ సెప్టెంబరులో చెన్నపట్టణమునను, దక్షిణదేశమున ఇతర స్థలములందును సూర్యబింబము ఆకుపచ్చగా కనిపించినది. చెన్నపట్టణమున మిచీ స్మిత్ అను ఆచార్యుడు ఆ ఆకుపచ్చ వెలుగును వర్ణమాపకముతో పరిశీలించినాడు. లండనులోని రాయల్ సొసైటీ వారు లోకమంతటినుండి ఇట్టి వార్తలు సేకరించి 1888లో గొప్ప నివేదికను ప్రకటించిరి. 1901లో ఎం. పి. షీల్ వ్రాసిన 'ది పర్పుల్ క్లౌడ్' నవలలో అగ్నిపర్వతమునుండి వెలువడిన విషవాయువు లోకమును చుట్టుముట్టును. ఉత్తర ధ్రువమునకు పోయిన ఒకడు బ్రదుకును.

మన దేశమునను ఇట్టి కథ పుట్టినది. 1896లో జగదీశ చంద్ర బోసుగారు వంగభాషలో ఒక కథ వ్రాసినారు. కలకత్తాను ముంచివేయునని అందరును భయపడిన తుఫాను ఆకస్మికముగా మాయమగును. ఓడలో ప్రయాణించుచున్న ఒకడు తలనూనె సీసాను సముద్రములో కుమ్మరించుటయే కారణమట! నూనె పొర నీటి తలతన్యతను తగ్గించి చిన్న అలలను అణచునన్నది నిజము. బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఇంగ్లండులో ఒక చెరువుపై ఈ ప్రయోగము చేసి 1774లో ప్రకటించినాడు. చెరువునకు చెల్లిన సూత్రమును తుఫానునకు చెల్లించుటలోనే కథలోని హాస్యమున్నది. ఒక సూత్రము ఏ మేరకు వర్తించునో తెలిసినవాడే దానితో ఇట్లు ఆటలాడగలడు.

1910 మేలో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు కథయు, వార్తయు కలిసిపోయినవి. దాని తోకలో సయనోజెన్ అను విషవాయువు కలదని వర్ణమాపకము చూపినది. భూమి ఆ తోకగుండ పోవునని లెక్క తేలినది. పలుచోట్ల జనులు భయపడిరి. తోకచుక్క మాత్రలని అమ్మి కొందరు డబ్బు చేసికొనిరి. తోక ఎంత పలుచనిదనగా భూమి దానిగుండ పోయినను ఎవరికిని ఏమియు కాలేదు. విషము కలదా యని అడిగిరే గాని, ఎంత కలదని అడుగుట మరచిరి. ఆ సంవత్సరముననే గురజాడ అప్పారావుగారు 'ముత్యాల సరములు' కవితలో తోకచుక్కను అరిష్టముగా కాక దూరమునుండి వచ్చిన చుట్టముగా భావించినారు. తెలుగు కవిత్వములో శాస్త్రదృష్టికి అది చక్కని ఉదాహరణము.

ధాత కరువు

కథలను కొంతసేపు విడిచి, మన సీమలో నిజముగా జరిగిన ప్రళయమును చూతము. 1876లో ఋతుపవనములు తప్పినవి. మరుసటి సంవత్సరమును సరిగా లేవు. తెలుగు సంవత్సరమునుబట్టి దానికి ధాత కరువని పేరు వచ్చినది. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు మిక్కిలి దెబ్బతిన్నవి. 1871 జనాభా లెక్కను 1881 లెక్కతో పోల్చగా కర్నూలు జిల్లాలో సుమారు నాలుగవ వంతు జనులు తగ్గిరి. బ్రిటిషు పాలనలోని ప్రాంతములలో ఏబది లక్షలకు పైగా మరణించిరని 1880 నాటి కరువు సంఘము అంచనా.

మేరీ షెల్లీ తన నవలలో ఊహించినది మన ఊళ్ళలో జరిగినది. అయితే నవలలోని మహమ్మారికి మారుగా ఇక్కడ మనుష్యుల నిర్ణయములును పనిచేసినవి. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనులలోని మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యము, అనగా సుమారు 450 గ్రాములు, ఒక అణా చాలునని నిర్ణయించినాడు. రాళ్ళు కొట్టు మనిషికి అది చాలదని మద్రాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిష్ లెక్కలతో వాదించినాడు. కొన్ని నెలల తరువాత కూలి కొంత పెంచిరి. ఆ సంవత్సరములలోనే మన దేశమునుండి ఇంగ్లండునకు గోధుమల ఎగుమతి సాగుచునే యుండెను. వెల్సు కథలోని అంగారకుల వలె, దూరముననున్న వారికి ఈ నష్టము నష్టముగా కనబడలేదు.

కారణమును గూర్చి నాటి శాస్త్రజ్ఞులు ఏమనిరి? నార్మన్ లాకియరు, విలియం హంటరు అను వారు 1877లో సూర్యునిపై మచ్చలు తగ్గిన యేండ్లలో మద్రాసులో వానలు తగ్గుచున్నవని వ్రాసిరి. అది మూఢనమ్మకము కాదు, అంకెలతో కూడిన ఊహ. కాని మరిన్ని యేండ్ల వర్షపాతముతో సరిపోల్చగా నిలువలేదు. నిలువకపోవుటయు ఒక ఫలితమే. 1875లో ఏర్పడిన భారత వాతావరణ శాఖకు అధిపతియైన హెన్రీ బ్లాన్ఫర్డు హిమాలయములపై మంచును చూచి ఋతుపవనములను అంచనా కట్ట ప్రయత్నించినాడు. భారతదేశమునను, ఆస్ట్రేలియాలోను అనావృష్టి ఒకే కాలమున వచ్చుచున్నదని 1888లో చార్లెస్ టాడ్ గమనించినాడు. తరువాత గిల్బర్ట్ వాకరు దేశదేశముల వాయుపీడనపు లెక్కలను కూర్చి, 1920ల నాటికి దక్షిణ డోలనమును గుర్తించినాడు. పసిఫికు మహాసముద్రముపై పీడనము ఒకవైపు పెరిగినప్పుడు రెండవవైపు తగ్గును, తక్కెడ సిబ్బెల వలె. 1969లో యాకబ్ బ్యర్క్‌నెస్ దీనికిని, పసిఫికు జలములు వేడెక్కు ఎల్ నినోకును గల సంబంధమును వివరించినాడు.

1876, 1878ల మధ్య ఉత్తర చైనాలోను, ఈశాన్య బ్రెజిలులోను కూడ ఘోరమైన అనావృష్టి కలిగినది. 1877లో నైలునది తగ్గినది. మిక్కిలి బలమైన ఎల్ నినో ఇందుకు ముఖ్య కారణమనియు, హిందూ, అట్లాంటికు మహాసముద్రముల స్థితియు దానికి తోడైనదనియు 2018లో ప్రకటింపబడిన పరిశోధన చెప్పుచున్నది. కాబట్టి కర్నూలు రైతు ఆకాశమువైపు చూచి తన ఊరి దురదృష్టమనుకొన్నది, నిజమునకు భూగోళమంతటికి సంబంధించిన సంఘటన. అయినను అనావృష్టికి ఎల్ నినో కారణమని చెప్పినచో కరువు మరణములకు కారణము చెప్పినట్లు కాదు. వాన తప్పుట ప్రకృతి పని. ధాన్యము ఎవరికి చేరవలెనని నిర్ణయించుట మనుష్యుల పని.

జ్వాలాపురము బూడిద

ఇక బనగానపల్లెకు మరల వత్తము. దానికి కొద్ది దూరమున జుర్రేరు వాగు లోయలో జ్వాలాపురమను గ్రామము కలదు. అక్కడ నేలలో తెల్లని మెత్తని బూడిద పొర యొకటి యున్నది. చోటునుబట్టి దాని మందము రెండున్నర మీటర్ల వరకు ఉండును. స్థానికులు ఆ పొడిని త్రవ్వి అమ్ముకొనుటయు కలదు.

ఇది మన కొండలలో పుట్టిన బూడిద కాదు. సుమారు 74,000 సంవత్సరములకు పూర్వము, రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా దూరమున సుమత్రా దీవిలో తోబా అను అగ్నిపర్వతము బ్రద్దలైనది. దాదాపు 2,800 ఘన కిలోమీటర్ల శిలాద్రవము వెలికి వచ్చినదని ఒక అంచనా. తంబోరా దాని ముందు చిన్నది. అక్కడ ఏర్పడిన గుంటలో నేడు నూరు కిలోమీటర్ల పొడవైన సరస్సున్నది. దాని బూడిద మన దేశముపై పడినది. జ్వాలాపురమున మొదట గాలినుండి పడినది కొన్ని సెంటీమీటర్లే. తరువాత చుట్టు గుట్టలనుండి వాననీటితో కొట్టుకొనివచ్చి పల్లములో పేరుకొన్నది. ఇది తోబా బూడిదయే యని ఎట్లు తెలిసినది? బూడిదలోని గాజు రేణువుల రసాయన కూర్పు ఒక్కొక్క విస్ఫోటనమునకు ఒక్కొక్క విధముగా నుండును, వ్రేలిముద్ర వలె. ఆ ముద్రలు సరిపోయినవి.

తోబా పేలుడువలన భూమి చల్లబడి, మానవజాతి దాదాపు అంతరించి కొద్దిమంది మాత్రము మిగిలిరని 1998లో స్టాన్లీ ఆంబ్రోస్ ప్రతిపాదించినాడు. ఇది మేరీ షెల్లీ నవలవలెనే యున్నది! అయితే ఇది ప్రతిపాదన, అనగా పరీక్షకు లొంగునది. బూడిద పడిన చోట త్రవ్వి చూచినచో తెలియవలెను. మైకేల్ పెట్రగ్లియా, ధారవాడకు చెందిన రవి కొరిసెట్టర్ ప్రభృతులు జ్వాలాపురమున త్రవ్వించి 2007లో ఫలితములు ప్రకటించిరి. బూడిద క్రింద రాతి పనిముట్లు దొరకినవి. బూడిద పైనను రాతి పనిముట్లు దొరకినవి. రెండింటి తీరును చాలవరకు ఒక్కటే. అనగా అంత పెద్ద విపత్తు తరువాతను ఆ లోయలో మనుష్యులు ఏదో విధముగ నిలదొక్కుకొనిరని వారి వాదము.

ఇంతటితో వాదము ముగియలేదు. అక్కడ మానవాస్థికలు దొరకలేదు. కనుక ఆ పనిముట్లు మనవంటి మానవులు చేసినవా, వేరు జాతి మానవులు చేసినవా అను ప్రశ్న మిగిలినది. మధ్యభారతమున అడవులు తగ్గినవని పుప్పొడి రేణువులను పరీక్షించిన మరికొందరు 2009లో వ్రాసిరి. ఆఫ్రికాలోని మలావీ సరస్సు అడుగు మట్టిలో అంతటి చలికి గుర్తులు లేవని 2013లో తేలినది. దక్షిణాఫ్రికా సముద్రతీరమున జనులు చక్కగా జీవించిరని 2018లోను, మన సోన్ నది లోయలో పనిముట్ల పరంపర తెగలేదని 2020లోను పరిశోధకులు ప్రకటించిరి. లోకమంతయు నశించినదను కథ కొంచెము కొంచెముగా సన్నగిల్లుచున్నది. జ్వాలాపురమను పేరులో 'జ్వాల' యున్నది గదా, ఆ పేలుడు జ్ఞాపకమే యని ఎవరైన అనవచ్చును. డెబ్బది నాలుగు వేల యేండ్లు ఒక జ్ఞాపకము నిలుచుట అసంభవము. పేరులు యాదృచ్ఛికముగా కలియుట సాధారణము. కాలజ్ఞానమునకును ఇదే జాగ్రత్త వర్తించును.

తరగతి గదిలో

ఇప్పుడు ఆ విద్యార్థి ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. యాగంటి బసవన్న పెరిగి పెరిగి యుగాంతమున లేచి రంకెవేయునని నమ్ముట ఒకటి. తోకచుక్క వచ్చి గాలిలోని నత్రజనిని తీసికొనిపోవునని కథ చెప్పుట మరొకటి. తోబా బూడిద క్రిందను పైనను పనిముట్లు వెదకుట ఇంకొకటి. మొదటిది మనుష్యునకు ధైర్యమో, భయమో, నీతియో ఇచ్చును. తప్పని తేలుటకు దానిలో త్రోవ లేదు, ఏది జరిగినను సరిపోవును. రెండవది ఊహకు పదును పెట్టును, ఎన్నడును చూడని దానిని చూచినట్లు చేసి, సిద్ధముగా నుండుటకు నేర్పును. మూడవది తాను తప్పు కావచ్చునని ముందే ఒప్పుకొని, ఎక్కడ త్రవ్వినచో తప్పు తేలునో తానే చూపును.

ఈ మూడింటిని కలిపివేయుటవలన వచ్చు నష్టము చిన్నది కాదు. కరువును విధివ్రాత యనుకొన్నవాడు కూలి రేటును ప్రశ్నింపడు. కథను వార్త యనుకొన్నవాడు తోకచుక్క మాత్రలు కొనును. శాస్త్రపు ఊహను నిశ్చయమనుకొన్నవాడు అది మారినప్పుడు శాస్త్రమునే నిందించును. ఆనాడు కార్నిష్ చేసినది ఏమి? మనిషికి ఎంత తిండి కావలెనో కొలిచి, అంకెతో వాదించినాడు. ఒక పౌను చాలదని చూపుట ఏ ప్రవచనమునకును సాధ్యము కాలేదు.

బనగానపల్లె ప్రాంతమునకు విహారయాత్రకు పోవు పాఠశాలలు రవ్వలకొండ గుహను చూచును, యాగంటి కోనేటిలో కాళ్ళు కడుగుకొనును. అవి చూడదగినవే. మార్గమున జుర్రేరు లోయకడ కూడ బండి నాపవలెను. ఆ తెల్లని పొడిని చిటికెడు తీసికొని, భూతద్దముతో విద్యార్థులచే పరీక్షింపజేయవలెను. ఒక దినమున ఆకాశమునుండి రాలిన ఆ బూడిద క్రింద బ్రదికినవారును, పైని బ్రదికినవారును ఈ నేలమీదనే రాళ్ళు చెక్కుకొని, ఆహారము వెదకుకొనిరి. వారు వ్రాసినది ఏదియు లేదు. చేసిన పనిముట్లు మాత్రము నేలలో మిగిలినవి. వానిని చదువుట మనము నేర్చుకొనుచున్నాము.